మన ఊళ్లో నాటక సమాజం: ఏడాదికి నాలుగు నాటకాల సీజన్ ఎలా నడపాలి, మొదటి మీటింగ్ నుంచి ట్రంకుపెట్టె దాకా

మా సమాజంలో పదకొండు మందిమి ఉన్నాం. ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఆర్టీసీలో చేసి రిటైరైన బాబాయి ఒకాయన, ఎలక్ట్రికల్ షాపు కుర్రాడు, టైలరింగ్ చేసే అక్క, ఇలా. పగలు ఎవరి పని వాళ్లది, రాత్రి ఏడున్నర అయ్యేసరికి రిహార్సల్‌కి చేరతాం. గుంటూరు, తెనాలి వైపు ఇలాంటి సమాజాలు కొత్తేం కాదు. చాలా ఏళ్లు మేం చేసింది కూడా అందరూ చేసేదే, ఏడాదికి ఒక నాటిక తయారుచేసుకోవడం, దాన్ని పట్టుకుని పరిషత్తులకి, అంటే నాటక పోటీలకి తిరగడం, ప్రైజ్ వస్తే ఫోటో దిగి గ్రూపులో పెట్టుకోవడం.

ఒకసారి మా వీధిలో కూరగాయలమ్మే పిన్ని అడిగింది, "మీరు నాటకాలాడతారంట కదా బాబూ, ఎక్కడాడతారు? నేనెప్పుడూ చూళ్లేదే" అని. నాకు సమాధానం దొరకలేదు. ఎందుకంటే ఆ నాటిక అప్పటికి ఆరు ఊళ్లలో ఆడాం, మా ఊళ్లో మాత్రం ఒక్కసారి కూడా ఆడలేదు.

పరిషత్తుల్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు అస్సలు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైనప్పటి నుంచి మన ఔత్సాహిక నాటకానికి ప్రాణం పోసింది పరిషత్తులే, కొత్త రచయితలు, కొత్త దర్శకులు అక్కడి నుంచే వచ్చారు. కానీ అక్కడ ముందు వరసలో జడ్జీలు, వెనక వరసల్లో మనలాంటి సమాజాల వాళ్లే ఎక్కువ, మామూలు జనం తక్కువ. మన ఊరి జనానికి నాటకం అలవాటు కావాలంటే మన ఊళ్లోనే, చెప్పిన తేదీకి, చెప్పిన టైముకి, ఏడాదంతా వరసగా ఆడాలి. ముందు ఊరికి, తర్వాతే పోటీకి. మేం ఈ పద్ధతికి మారి నాలుగో సీజన్‌లోకి వచ్చాం, ఏది పనిచేసింది, ఏది చేయలేదు, అంతా వరసగా రాస్తున్నా. మీ ఊళ్లో నాటకం పిచ్చి ఉన్నవాళ్లు ఐదారుగురున్నా చాలు, మొదలుపెట్టొచ్చు.

1. ముందు మనుషుల్ని లెక్కేసుకోండి

నటించేవాళ్లు దొరుకుతారు, అది పెద్ద సమస్య కాదు. దొరకనిది నటించకుండా పనిచేసేవాళ్లు. లైట్లు చూసేవాళ్లొకరు, సామాను చూసేవాళ్లొకరు, డబ్బులు లెక్క రాసేవాళ్లొకరు, జనాన్ని పిలిచేవాళ్లొకరు, ఈ నలుగురూ ముందు ఖాయమవ్వాలి. ఈ నలుగురికి ఆ నాటకంలో వేషం ఇవ్వొద్దు, ఇది మా గట్టి రూలు. వేషం వేసినవాడు ప్రదర్శన రోజు కుర్చీల సంగతి చూడలేడు, చూడకూడదు కూడా. వచ్చే నాటకంలో వాళ్లకి వేషం, ఇప్పుడు వేషం వేసినవాళ్లకి అప్పుడు కుర్చీల పని, ఇలా తిప్పుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు.

రిజిస్ట్రేషన్ చేయించుకోండి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఇది లేకపోతే సమాజం పేరు మీద బ్యాంకు అకౌంట్ తెరవడం కష్టం, అకౌంట్ లేకపోతే చందాలన్నీ సెక్రటరీ గారి సొంత ఫోన్‌పేకి వెళ్తాయి, తర్వాత ఎంత నిజాయితీ మనిషైనా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఆ మాట మీదే సమాజాలు విడిపోయాయి, నా కళ్లతో చూశా.

2. నాటకాలు తర్వాత, తేదీలు ముందు

అందరూ ముందు స్క్రిప్టు వెతుకుతారు, మేం ముందు పంచాంగం తీస్తాం. ఎందుకంటే మన దగ్గర హాలు, లైటింగ్ వాళ్లు, సౌండ్ వాళ్లు, వ్యాను, వంటవాళ్లు, ఆఖరికి ప్రేక్షకులు కూడా పెళ్లి ముహూర్తాల మీదే నడుస్తారు. మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో మంచి ముహూర్తం ఉన్నరోజు నాటకం పెట్టారనుకోండి, హాలు రేటు డబుల్, జనం అందరూ భోజనాల దగ్గర ఉంటారు. అదే ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో ముహూర్తాలుండవు, హాలువాళ్లు ఖాళీగా ఉంటారు, లైటింగ్ అబ్బాయి పిలవగానే వస్తాడు, రేటు కూడా మాట్లాడుకోవచ్చు. మా సీజన్ ఇలా ఉంటుంది.

మొదటి నాటకం ఆషాఢంలో, అంటే జులై వైపు. వర్షం భయం ఉంటుంది కాబట్టి ఇది కచ్చితంగా హాల్లోనే. రెండోది సెప్టెంబర్ 21కి, గురజాడ పుట్టినరోజు, అది తరచుగా భాద్రపదంలోనే పడుతుంది. మూడోది సంక్రాంతికి ముందు పుష్యమాసంలో, అప్పుడు పట్నాల నుంచి పిల్లలు ఇళ్లకొస్తారు, చలి కూడా మన వైపు పెద్దగా ఉండదు కాబట్టి ఆరుబయట ఆడొచ్చు. నాలుగోది ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతి, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా చేసుకుంటాం కదా, ఆ రోజు. మార్చి అస్సలు వద్దు, పరీక్షలు. పిల్లలకి పరీక్షలుంటే తల్లులు రారు, తల్లులు రాకపోతే సగం హాలు రానట్టే.

నాలుగు తేదీలూ ఒకేసారి హాలుకి అడ్వాన్సిచ్చి బుక్ చేసేయండి. డబ్బు చేతిలో లేకపోయినా రెండైనా చేయండి. తేదీ పడ్డాక స్క్రిప్టు దానంతటదే దొరుకుతుంది, తేదీ పడకపోతే రిహార్సల్ ఏడాదైనా జరుగుతూనే ఉంటుంది.

3. నాలుగు నాటకాలు, నాలుగు రకాల జనం

ఒకే రకం నాటకాలు నాలుగు వేయకండి. పరిషత్తు అలవాటు వల్ల మనకి వచ్చే జబ్బేంటంటే ప్రతి నాటికలోనూ ముసలి తల్లిదండ్రులు, అమెరికాలో కొడుకు, చివర్లో ఏడుపు. ఒకటి బాగుంటుంది, వరసగా నాలుగు చూసినవాళ్లు ఐదోదానికి రారు.

మాకు కుదిరిన పద్ధతి ఇది. మొదటిది కొత్త సాంఘిక నాటిక, యాభై నిమిషాల నుంచి గంట. వీలైతే మన జిల్లా రచయితదే తీసుకోండి, ఆయన రిహార్సల్‌కి వచ్చి కూర్చుంటే డైలాగులు అక్కడికక్కడే మన నోటికి సరిపోయేలా మారుస్తాడు, రచయితకీ అదొక స్కూలు.

రెండోది పాత క్లాసిక్. గురజాడ జయంతి కాబట్టి మేం కన్యాశుల్కం సీన్లు వేస్తాం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాదాపు మొత్తం తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. మనం ఇప్పుడు చదివేది, ఆడేది ఆ రెండోదే. మొత్తం వేస్తే రాత్రంతా పడుతుంది, కాబట్టి గంటన్నరకి సరిపడా సీన్లు ఏరుకోవాలి. ఏరుకునేటప్పుడు గిరీశం ఒక్కడి మీదే పెట్టొద్దు, అందరూ అదే చేస్తారు. మధురవాణి చుట్టూ సీన్లు కట్టి చూడండి, నాటకం మొత్తం వేరేగా కనపడుతుంది, ఇంకా ఇవాళ్టి ఆడపిల్లలకి ఎక్కువ దగ్గరవుతుంది. మరుసటి ఏడు కాళ్లకూరి నారాయణరావు గారి వరవిక్రయం చేశాం, వరకట్నం మీద వందేళ్ల కిందటి నాటకం, సింగరాజు లింగరాజు పాత్ర రాగానే హాలంతా నవ్వింది, కాళింది చనిపోయాక ఒక్క దగ్గు కూడా వినపడలేదు.

మూడోది, సంక్రాంతి ముందుది, పద్యనాటకం. మనకి పద్యం పాడేవాళ్లు లేకపోతే సిగ్గుపడక్కర్లేదు, చుట్టుపక్కల మండలాల్లో పద్యనాటక కళాకారులు ఉంటారు, హార్మోనిస్టుతో సహా పిలిచి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోంచి పడకసీను, రాయబారం ఆడించండి. మీ ఊరి డెబ్భై ఏళ్ల పెద్దవాళ్లు ఇంట్లోంచి బయటికొచ్చేది ఈ ఒక్కరోజే. పద్యం బాగా పాడితే వన్స్‌మోర్ అంటారు, ఆపొద్దు, మళ్లీ పాడించండి, ఆ రాత్రి టైము ఎక్కువైనా ఫర్వాలేదు. (బయట ఆడితే పదింటికి మైకు ఆపేయాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని రూలు. అందుకని సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టండి.)

నాలుగోది బాలల నాటిక, దానితోపాటు ఒక చిన్న హాస్య ఏకాంకిక. ఇరవై మంది పిల్లలు స్టేజీ ఎక్కితే వాళ్ల అమ్మానాన్నలు, తాతలు, మేనత్తలు కలిసి హాలు నిండిపోతుంది, పైగా ఆ పిల్లల్లో ఒకరిద్దరు మనకి రేపటి నటులు. హాస్యానికి చెకోవ్ ఏకాంకికలు చూడండి. పెళ్లిచూపులకొచ్చినవాడు పొలం గట్టు ఎవరిదని పెళ్లికూతురితోనే తగువు పడే కథ ఒకటుంది, ప్రపోజల్ అని, దాన్ని మన పల్నాటి యాసలో పెడితే రష్యా అని ఎవరూ అనుకోరు.

4. హక్కుల విషయం నిర్లక్ష్యం చేయొద్దు

ఇది చాలామందికి తెలీదు కాబట్టి వివరంగా రాస్తున్నా. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, కాళ్లకూరి వారు 1927లో, తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు 1950లో, కాబట్టి వీళ్లవి ఎవరైనా ఆడొచ్చు. ఆత్రేయ గారు 1989లో పోయారు, అంటే ఆయన నాటకాలకి 2049 దాకా హక్కులున్నట్టే, వాళ్ల వారసుల అనుమతి కావాలి.

అదే చట్టంలో మనలాంటి వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ఔత్సాహిక సమాజం టికెట్ లేకుండా, ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోకుండా నాటకం ఆడితే అది హక్కుల ఉల్లంఘన కిందకి రాదు. టికెట్ పెట్టారా, అనుమతి తీసుకోవాల్సిందే. ఇంకో మెలిక ఏంటంటే ఈ వెసులుబాటు ప్రదర్శనకి మాత్రమే, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడానికి కాదు, ఎవరి కథనో నాటకంగా మార్చుకోవడానికీ కాదు. అనువాదం కూడా అంతే, చెకోవ్‌కి హక్కులు లేకపోయినా తెలుగులోకి తెచ్చినాయనకి ఉంటాయి, కాబట్టి మీరే కొత్తగా రాసుకోవడం మేలు.

చట్టం అడిగినా అడక్కపోయినా బతికున్న రచయితకి ఫోన్ చేయండి, కాగితం మీద అనుమతి తీసుకోండి, ఎంతో కొంత పారితోషికం పంపండి, పోస్టర్ మీద పేరు పెద్దగా వేయండి. మన దగ్గర నటుడికి శాలువా కప్పుతారు, డైరెక్టర్‌కి మెమెంటో ఇస్తారు, రాసినాయన ఊరికే వచ్చి వెనక వరసలో కూర్చుని వెళ్లిపోతాడు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

5. డబ్బు

ఒక్కో నాటకానికి విడిగా చందా వసూలు చేయడం మానేయండి, ఏడాదికి నాలుగుసార్లు అదే కిరాణా షాపు ముందు నిలబడితే ఆయనకీ విసుగు, మనకీ చిన్నతనం. సీజన్ మొత్తానికి ఒకే బడ్జెట్, ఒకే రసీదు పుస్తకం. కుటుంబ పాస్ అని పెట్టాం, నలుగురు మనుషులు, నాలుగు నాటకాలు. ఉదాహరణకి పాస్ 800 పెట్టారనుకోండి, ఒక మనిషికి ఒక నాటకం 50 రూపాయలు పడింది, టీ సమోసా ఖర్చు. వంద కుటుంబాలు తీసుకుంటే 80,000, అది సీజన్ మొదలవ్వకముందే చేతికొస్తుంది. నాటకం టికెట్ మనిషికి 500 దాటకపోతే జీఎస్టీ ఉండదు, ఆ భయం అక్కర్లేదు. పాస్ పెట్టిన నాటకాలకి మాత్రం పైన చెప్పిన అనుమతులు గుర్తుపెట్టుకోండి.

ఫ్రీగా పెడితేనే జనం వస్తారు అని మావాళ్లు చాలా వాదించారు. మొదటి సీజన్ ఫ్రీగానే చేశాం, అప్పుడు జనం మధ్యలో లేచి వెళ్లిపోయేవాళ్లు, రెండో సీజన్ నుంచి పాస్ పెట్టాం, కూర్చుంటున్నారు. డబ్బు పెట్టి కొనుక్కున్నది కదా, చివరిదాకా చూస్తారు. లేనివాళ్లకి పాస్ అడక్కుండానే ఇచ్చేయండి, కూరగాయల పిన్నికి మేం ముందు వరసే ఇచ్చాం.

6. పాత్రలు, ముఖ్యంగా స్త్రీ పాత్రలు

మన ఔత్సాహిక నాటకంలో అందరికీ తెలిసిన, ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం ఇది. మగవాళ్లు సరదాకి ఆడతారు, స్త్రీ పాత్రకి మాత్రం వృత్తిగా చేసే ఆర్టిస్టుల్ని పిలుస్తాం. వాళ్లు ఒకే సీజన్‌లో నాలుగైదు సమాజాలకి పనిచేస్తారు, రాత్రి ఒక ఊరు, పగలు బస్సులో ఇంకో ఊరు. చివరి రెండు మూడు రిహార్సల్స్‌కి వచ్చి పాత్ర మొత్తం ఒడిసిపట్టేస్తారు, వాళ్ల నైపుణ్యం అలాంటిది. మన బడ్జెట్‌లో పెద్ద ఖర్చు కూడా అదే అవుతుంది, అవ్వాలి కూడా.

వాళ్లని పిలిస్తే పాటించాల్సినవి ఇవి, బేరం లేదు. మాట్లాడుకున్న డబ్బు మేకప్ తుడుచుకోకముందే చేతిలో పెట్టాలి, రేపు పంపిస్తాం అనొద్దు. ఆడవాళ్లకి విడిగా, లోపల గడియ ఉన్న గ్రీన్‌రూమ్, దగ్గర్లో శుభ్రమైన బాత్రూమ్, ఇవి హాలు బుక్ చేసేటప్పుడే చూడాలి. ప్రదర్శన అయ్యాక అర్ధరాత్రి బస్టాండ్‌లో దింపేసి రావొద్దు, మన ఆడవాళ్లెవరైనా తోడెళ్లి బస్సెక్కించాలి, లేదా మన ఇంట్లోనే ఉంచి పొద్దున పంపాలి.

దీనితోపాటు మన ఊరి ఆడపిల్లల్ని, ఆడవాళ్లని నాటకంలోకి తేవడం మొదలుపెట్టండి. ఊరికే రమ్మంటే రారు, ఇంట్లో పంపరు. మేం చేసిందేంటంటే ముందు నాటక పఠనం పెట్టాం, ఆదివారం సాయంత్రం లైబ్రరీలో నాలుగింటికి, కుర్చీల్లో కూర్చుని నాటకం గట్టిగా చదవడం అంతే, వేషాల్లేవు, స్టేజీ లేదు. టైలరింగ్ అక్క అలాగే వచ్చింది, వాళ్లాయన్ని కూడా తీసుకొచ్చింది, ఆరు నెలలకి స్టేజీ ఎక్కింది. రిహార్సల్ టైము కూడా ఆడవాళ్లకి కుదిరేట్టు మార్చుకోవాలి, ఏడున్నర నుంచి తొమ్మిదింపావు, ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా వద్దు.

7. రిహార్సల్

గంట నాటికకి మాకు ముప్ఫై సాయంత్రాలు పడతాయి, రోజుకి రెండు గంటల లోపు. అంతకంటే తగ్గితే డైలాగులు వస్తాయి కానీ నాటకం రాదు.

మొదటి ఐదు రోజులు కూర్చుని రీడింగ్. ఇది బోర్ అని దాటేస్తారు, దాటొద్దు. ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడుతున్నారో, ఈ మాట వెనక ఇంకే మాట దాచుకున్నారో అక్కడే తేలాలి. ఉచ్చారణ కూడా అక్కడే, శ, ష, స తేడాలు, ఒత్తులు. అలాగని అందరిచేతా పుస్తకం భాష పలికించకండి, పాత్రది శ్రీకాకుళమైతే శ్రీకాకుళమే పలకాలి, తెలంగాణ పాత్రయితే అక్కడి మనిషిని పిలిచి వినిపించుకోండి, సినిమాల్లో విన్న యాస పెట్టొద్దు.

ఆరో రోజు నుంచి స్టేజీ మీద కదలికలు. నేలమీద సుద్దముక్కతో మన హాలు స్టేజీ కొలత గీయండి, తలుపు ఎక్కడ, మంచం ఎక్కడ, వింగ్ (స్టేజీ పక్కన నటులు కనపడకుండా నిలబడే చోటు) ఎక్కడ అన్నీ. మేడ మీద రిహార్సల్ చేసి హాల్లో స్టేజీ చిన్నదైతే ప్రదర్శన రోజు ఒకర్నొకరు గుద్దుకుంటారు. పన్నెండో రోజుకి చేతిలో స్క్రిప్టు ఉండకూడదు. ఆ తర్వాత ప్రాంప్టర్ ఒక్కడి దగ్గరే ఉండాలి, ఆయన కూడా నటుడు నిజంగా ఆగిపోతేనే అందివ్వాలి, ప్రతి లైనూ అందిస్తుంటే నటుడి చెవి వింగ్ వైపే ఉంటుంది, కళ్లు చచ్చిపోతాయి. అది ముందు వరసలో ఉన్న చిన్నపిల్లకి కూడా తెలిసిపోతుంది.

గొంతు విషయం. రిహార్సల్ ఎప్పుడూ మైకు లేకుండా, ఫ్యాన్లు ఫుల్లు మీద పెట్టి చేయండి. ఒకర్ని గది చివర నిలబెట్టి ఆఖరి మాట వినపడుతుందా అని అడగండి, ఎందుకంటే తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది, మనవాళ్లు వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దించేస్తారు, అసలు విషయమే జనానికి అందదు. "నేను నిన్ను పెళ్లి" దాకా వినపడి, చేసుకుంటాడో చేసుకోడో తెలియకపోతే ఎలా? ఈ ఒక్కటి సరిచేస్తే సగం నాటకం బాగుపడినట్టు.

చివరి మూడు రోజులు ఆపకుండా మొత్తం ఆడాలి, స్టాప్‌వాచ్ పెట్టుకుని. గ్రాండ్ రిహార్సల్ అసలు బట్టల్లో, అసలు సామానుతో, వీలైతే అసలు హాల్లోనే. ఆ రోజు డైరెక్టర్ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, వెనక వరసలో కూర్చుని రాసుకోవాలి. తప్పులు చెప్పడం తర్వాత, అదీ విడివిడిగా, అందరి ముందు కాదు.

8. సెట్టు, లైట్లు, సౌండు

ఫ్లెక్సీ మీద ఇల్లు ప్రింట్ చేయించి వెనక కట్టొద్దు దయచేసి. లైటు పడగానే మెరుస్తుంది, అది బొమ్మ అని తెలిసిపోతుంది. ఒక తలుపు చట్రం, ఒక మంచం, ఒక దండెం మీద నాలుగు బట్టలు, వెనక నల్లతెర, ఇది చాలు ఇల్లు అని నమ్మించడానికి. ఫ్లాట్లు, అంటే గోడల్లా నిలబెట్టే పలకలు కావాలంటే సన్నటి చెక్క రీపర్లతో చట్రం కొట్టి కోరా గుడ్డ బిగించి రంగు వేయండి, బరువుండవు, మళ్లీ మళ్లీ రంగు మార్చుకోవచ్చు. ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లాట్‌ని మధ్యలో మడతబందు పెట్టి నాలుగు అడుగులకి మడిచేలా చేయించండి, తర్వాత పరిషత్తుకి చిన్న ట్రక్కులో తీసుకెళ్లాలంటే అదే మనల్ని కాపాడుతుంది.

లైట్లకి ముందు కరెంటు లెక్క. వెయ్యి వాట్ల లైటు ఒకటి నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే 16 ఆంపియర్ల ప్లగ్గు మీద మూడే పెట్టాలి. ఎనిమిది లైట్లు పెడితే దాదాపు 35 ఆంపియర్లు, మామూలు లైన్ తట్టుకోదు. ఒక ఊళ్లో ఒక హాల్లో ఇది చెప్పినా హాలు మనిషి ఏం కాదండీ అన్నాడు, సరిగ్గా తల్లి కొడుకుని గుర్తుపట్టే చోట ట్రిప్పయింది, ఏడు నిమిషాలు చీకటి. మా తల్లి పాత్ర ఆవిడ చీకట్లోనే కొడుకు చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది, లైటు వచ్చాక అక్కడి నుంచే అందుకుంది. ఆవిడకి ఇప్పటికీ దండం పెడతా. కానీ అలా ఆవిడ మీద భారం వేయడం మన తప్పు. ఇప్పుడు ఎల్ఈడీ పార్ లైట్లు దొరుకుతున్నాయి, కరెంటు చాలా తక్కువ తీసుకుంటాయి, వేడి ఉండదు. రంగులున్నాయి కదా అని ఊదా, ఆకుపచ్చ తిప్పకండి, మనుషుల మొహాలు మనుషుల్లా కనపడాలి.

సౌండుకి కాలర్ మైకులు అద్దెకు తెస్తే బట్టల రాపిడి, చెమట, బ్యాటరీ సమస్యలు. నాకు పైనుంచి వేలాడదీసే మైకులు రెండు, స్టేజీ అంచున నేలమీద రెండు, ఇవే నచ్చుతాయి. నేపథ్య సంగీతానికి సినిమా పాటల ముక్కలు వేయకండి, హక్కుల గొడవ ఒకటి, పైగా జనం మనసు ఆ సినిమాకి వెళ్లిపోతుంది. ఊళ్లో కీబోర్డ్ వాయించే కుర్రాడు, భజన బృందంలో తబలా ఆయన ఉంటారు, వాళ్లని రిహార్సల్ పదిహేనో రోజు నుంచి కూర్చోబెట్టుకోండి.

9. జనాన్ని పిలవడం, ప్రదర్శన రోజు

వాట్సాప్‌లో పోస్టర్ పెడితే చూస్తారు, లైకు కొడతారు, రారు. ఇంటికి వెళ్లి కార్డు చేతికిచ్చి "తప్పకుండా రావాలి అత్తా" అంటే వస్తారు, మన దగ్గర పిలుపుకి ఉన్న బలం అది. పది మంది సభ్యులు తలా ఇరవై ఇళ్లు పంచుకుంటే రెండు వందల ఇళ్లు. ముందురోజు ఆటోలో మైకు ప్రచారం, అదీ మన నటుడి గొంతుతోనే, నాటకంలోంచి రెండు డైలాగులు చెప్పి ఆపేయాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో లెటర్ ఇచ్చి తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. పాత బ్రిటిష్ కాలం నాటి 1876 నాటక ప్రదర్శనల చట్టాన్ని కేంద్రం రద్దు చేసేసింది కానీ బందోబస్తు, ట్రాఫిక్, మైకుల విషయంలో వాళ్లకి ముందే చెప్పడం మంచిది.

ఇప్పుడు చాలా ముఖ్యమైనది. ఆరున్నర అని కార్డులో వేస్తే ఆరున్నరకి తెర లేవాలి. హాల్లో పన్నెండు మంది ఉన్నా లేవాలి. మొదటిసారి మేం అలా చేస్తే సగం జనం మధ్యలో వచ్చారు, కోప్పడ్డారు కూడా. రెండో నాటకానికి ఆరుంపావుకే హాలు నిండింది.

ఇంకా, నాటకానికి ముందు సభ పెట్టొద్దు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, మళ్లీ ప్రసంగాలు, ఇదంతా గంటన్నర అయ్యాక పాపం నటులు రంగు వేసుకుని చెమటతో గ్రీన్‌రూమ్‌లో కూర్చుని ఉంటారు, పిల్లలు నిద్రపోతారు, అసలు నాటకం మొదలయ్యేసరికి జనం సగం. దాతల్ని గౌరవించాలి, కాదనను, కానీ అది నాటకం అయ్యాక పది నిమిషాలు, నటులతోపాటు స్టేజీ మీద నిలబెట్టి. అప్పుడు చప్పట్లు కూడా నిజంగా పడతాయి. మా దాత ఒకాయన మొదట నొచ్చుకున్నారు, నాటకం చూశాక "ఇదే బాగుందయ్యా" అన్నారు.

10. తెర పడ్డాక

వెంటనే వెళ్లిపోకండి. ప్రేక్షకుల్లో ఉండాలనుకున్నవాళ్లని ఓ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి ఏం నచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు అని అడగండి. నటులు సమాధానం చెప్పకుండా వినాలి. మా మొదటి నాటికలో ఆస్తి పంపకం సీను ఎవరికీ అర్థం కాలేదని ఒక రిటైర్డ్ వీఆర్వో గారు చెప్పారు, అందులో కాగితాల విషయమే తప్పట. దిద్దుకున్నాం. ఆ దిద్దిన నాటికనే తర్వాత పరిషత్తుకి పంపాం. ఈ వరస నాకు బాగా నచ్చింది, ఊరు చూసి, ఊరు సరిచేసి పంపిన నాటకం పోటీకి వెళ్లడం.

పరిషత్తుకి వెళ్లాలంటే వాళ్ల రూల్స్ కాగితం ముందే చదవండి, నిడివి ఎంత, స్టేజీ సర్దుకోవడానికి ఎన్ని నిమిషాలు, లైట్లు వాళ్లవా మనవా. నిడివి దాటితే ఎంత బాగా ఆడినా నష్టపోతాం.

వారం తిరక్కుండా లెక్కలు చదివే మీటింగ్ పెట్టండి, పాస్ కొన్నవాళ్లు ఎవరైనా రావొచ్చు అని చెప్పండి. వచ్చిందెంత, ఖర్చెంత, మిగిలిందెంత, బోర్డు మీద సుద్దతో రాయండి. అదే మీటింగ్‌లో వచ్చే నాటకానికి కుర్చీలు ఎవరు, లైట్లు ఎవరు అనేది కూడా తేల్చేయండి.

బట్టలు ఉతికి ఆరేసి, పూర్తిగా ఆరాకే మడత పెట్టి ట్రంకుపెట్టెలో పెట్టండి, నాఫ్తలిన్ ఉండలు పాత గుడ్డలో మూటకట్టి వేయండి, జరీ బట్టలకి నేరుగా తగలకూడదు. విగ్గులు దువ్వి అట్టపెట్టెలో విడిగా. పెట్టె మూత లోపల కాగితం అంటించి ఏమేం ఉన్నాయో రాయండి, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా. మాది ప్రస్తుతం టైలరింగ్ అక్క దగ్గరుంది, ఆషాఢంలో వేయబోయే కొత్త నాటికకి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టేసింది.